లంబకోణం ఎక్కడ తప్పింది?

సెలవు రోజుల్లో హన్మకొండలోని మా ఇంటి వరండాలో పిల్లలు క్యారమ్ ఆడుతుంటే నేను వాళ్ల చేత ఒక పని చేయిస్తాను. స్ట్రైకర్‌ను పక్కన పెట్టించి, ఒక కాయిన్‌తోనే ఆగి ఉన్న మరో కాయిన్‌ను ఓరగా కొట్టిస్తాను. పౌడరు చల్లిన బోర్డు మీద రెండూ జారిపోయిన దారులు సన్నగా కనిపిస్తాయి. కోణమానిని పెట్టి చూస్తే వాటి మధ్య కోణం 90 డిగ్రీలకు కాస్త తక్కువగా వస్తుంది. టక్కుమన్న చప్పుడులో, వేడిలో కొంత శక్తి పోకుండా ఉంటే సరిగ్గా లంబకోణమే వచ్చేది. (స్ట్రైకర్ బరువు ఎక్కువ, గోలీలు దొర్లుతాయి. అందుకే వాటితో ఈ లెక్క కుదరదు.)

న్యూటన్ యాంత్రికశాస్త్రంలో దీనికి కారణం ఎంతో అందమైనది. రెండు కాయిన్ల ద్రవ్యవేగాలను (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేవి, దిశతో సహా) కలిపితే మొదటిదాని ద్రవ్యవేగం రావాలి. ఆ మూడూ ఒక త్రిభుజపు భుజాలు. గతిశక్తి ద్రవ్యవేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, శక్తి నిలవాలంటే రెండు భుజాల వర్గాల మొత్తం మూడో భుజం వర్గానికి సమానం కావాలి. అంటే అది లంబకోణ త్రిభుజం.

1932లో చాంపియన్ అనే శాస్త్రవేత్త ఇదే ఆటను ఎలక్ట్రాన్లతో పరిశీలించాడు. వేగవంతమైన బీటా కణాలు (రేడియోధార్మిక పదార్థం నుంచి వెలువడే ఎలక్ట్రాన్లు) క్లౌడ్ చాంబర్‌లో, అంటే కణాల దారులు ఆవిరి చారలుగా కనిపించే పెట్టెలో, ఎలక్ట్రాన్లను ఢీకొట్టినప్పుడు ఏర్పడిన జాడలను ఫొటోలు తీసి, కోణాలు కొలిచాడు. శక్తి పోకపోయినా అవి 90 కన్నా తక్కువగా, ఐన్‌స్టీన్ ప్రత్యేక సాపేక్షత (అతి వేగంగా కదిలే వాటి సిద్ధాంతం) చెప్పినట్లే వచ్చాయి. కాంతి వేగంలో 94 శాతంతో వచ్చిన ఎలక్ట్రాన్ తన శక్తిని సమంగా పంచుకుంటే, రెండు దారుల మధ్య కోణం దాదాపు 70 డిగ్రీలు. అంతటి వేగంలో శక్తి ద్రవ్యవేగపు వర్గాన్ని వదిలి, క్రమంగా ద్రవ్యవేగంతోనే నడుస్తుంది. అప్పుడు రెండు భుజాల మొత్తం మూడో భుజానికి చేరువై త్రిభుజం పలచబడుతుంది, జాడలు దగ్గరవుతాయి. ప్రోటాన్లదీ ఇదే తీరు. కేంద్రక ప్రయోగశాలల్లో వేలాది సంఘటనల మధ్య నుంచి ప్రోటాన్ల స్థితిస్థాపక (గతిశక్తి నష్టం లేని) తాకిడిని ఏరడానికి ఈ కోణాల సంబంధమే ఆనవాలు.

ప్రత్యేక సాపేక్షతకు ప్రత్యామ్నాయం కనిపెట్టామనే వారిని నేను తేలికగా చూడను. 1906లో వేగవంతమైన ఎలక్ట్రాన్లపై కౌఫ్‌మన్ కొలతలు ఐన్‌స్టీన్‌కు వ్యతిరేకంగా, అబ్రహాం అనే శాస్త్రవేత్త పోటీ సిద్ధాంతం వైపు మొగ్గాయి. 1908లో బూకెరర్ కొలతలు వచ్చాకే గాలి మారింది. అయితే కొత్త సిద్ధాంతం తెచ్చేవారు ఈ 70 డిగ్రీలను లెక్కకట్టి చూపాలి.

తరచుగా వినిపించే వాదన ఒకటుంది: కణం వేగం పెరిగేకొద్దీ విద్యుత్ క్షేత్రం దాన్ని నెట్టలేకపోతుంది, అందుకే అది కాంతి వేగాన్ని దాటదు, శక్తి పెరగడమన్నది అపోహ అని. ఇది మంచి ప్రశ్నే. దీనికి జవాబు 1964లో అమెరికాలోని ఎంఐటీలో బెర్టోజీ ఇచ్చాడు. ఎలక్ట్రాన్లు 8.4 మీటర్లు ప్రయాణించడానికి పట్టిన సమయం కొలిచి, అవి చివర తగిలిన అల్యూమినియం పళ్లెం ఎంత వేడెక్కిందో కూడా చూశాడు. 4.5 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికి న్యూటన్ లెక్కలో కాంతికి నాలుగింతల వేగం రావాలి. ఎలక్ట్రాన్లు కాంతిని దాటలేదు, కానీ పళ్లెం మాత్రం ఇచ్చిన శక్తికి తగినంత వేడెక్కింది. క్షేత్రం బలహీనపడి ఉంటే ఆ వేడి వచ్చేది కాదు.

ఐన్‌స్టీన్‌కు ప్రత్యామ్నాయంగా రిట్జ్ అనే శాస్త్రవేత్త 1908లో మరో దారి చూపాడు. కాజీపేట మీదుగా ఆగకుండా వెళ్లే రైలులోంచి ముందుకు విసిరిన బంతికి రైలు వేగం తోడైనట్లే, కాంతికీ దాన్ని వెలువరించిన వస్తువు వేగం తోడవుతుందన్నాడు. 1964లో సెర్న్‌ (యూరప్ కణ భౌతిక ప్రయోగశాల)లో ఆల్వాగర్ బృందం ప్రోటాన్లను బెరిలియంతో ఢీకొట్టించింది. ఆ తాకిడిలో పుట్టిన తటస్థ పయాన్లు (విద్యుదావేశం లేని, క్షణంలో విడిపోయే కణాలు) కాంతి వేగంలో 99.975 శాతంతో పరుగెడుతూ గామా కిరణాలుగా, అంటే అధిక శక్తి గల కాంతిగా, విడిపోయాయి. రిట్జ్ ప్రకారం ఆ కిరణాలు దాదాపు రెట్టింపు వేగంతో రావాలి. కొలిచి చూస్తే వచ్చినది మామూలు కాంతి వేగమే.

కాంతి ఈథర్ అనే కనిపించని మాధ్యమంలో ప్రయాణిస్తుందనే లోరెంట్జ్ సిద్ధాంతం ఒక్కటి ఈ పరీక్షలన్నిటినీ దాటుతుంది. దాని సమీకరణాలు ఐన్‌స్టీన్ సమీకరణాలే కనుక కోణాలూ అవే వస్తాయి. ఏ తాకిడీ ఆ రెండింటినీ విడదీయలేదు.