సర్టిఫికెట్ల గొడవ: బాకీ పిల్లల పేరు మీదకి ఎప్పుడొచ్చింది

మళ్ళీ అదే గొడవ మొదలైంది. ఆఫర్ లెటర్ ఉంది, జాయినింగ్ డేట్ ఉంది, పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కుల మెమో) మాత్రం కాలేజీ ఆఫీసు బీరువాలో ఉన్నాయి, ఫీజు బాకీ కట్టి నో డ్యూస్ ఫారం (బాకీ ఏమీ లేదని రాసే కాగితం) మీద సంతకాలు తెచ్చుకుంటేనే ఇస్తాం అంటారు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్‌లో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) ఫైనల్ ఇయర్ పిల్లలున్న ఏ ఇంట్లో అడిగినా ఈ మాట తెలుసు.

2008 ప్రాంతంలో వైఎస్ హయాంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ (పిల్లల ఫీజు గవర్నమెంటే కట్టే పథకం) బీసీలకి, ఈబీసీలకి (అగ్రవర్ణ పేదలకి) కూడా వచ్చి కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయన్నది పాత కథే. అప్పుడు కూడా డబ్బు లేటే, కాకపోతే ఆ బాకీ గవర్నమెంటుకీ మేనేజ్‌మెంటుకీ మధ్య ఉండేది, బిల్లుల కోసం సంక్షేమ శాఖ చుట్టూ తిరిగేది కాలేజీ వాళ్ళు, పిల్లాడు కాదు.

నన్నడిగితే అసలు మలుపు 2021. జగన్ గవర్నమెంటు విద్యాదీవెన అని పేరు మార్చిన ఈ రీయింబర్స్‌మెంట్ డబ్బు మూడు నెలలకోసారి తల్లి ఖాతాలో వేస్తాం, ఆమే వెళ్ళి కాలేజీకి కడుతుంది, అప్పుడు కాలేజీని నిలదీసే హక్కు ఆమెకి వస్తుంది అన్నారు. వినడానికి బాగానే ఉంది, కొన్నిచోట్ల నిజంగానే తల్లులు వెళ్ళి ల్యాబులు ఎలా ఉన్నాయో చూశారు కూడా. కానీ ఆ ఒక్క మార్పుతో కాలేజీ లెడ్జర్‌లో బాకీదారు పేరు మారిపోయింది. అంతకు ముందు గవర్నమెంటు, ఇప్పుడు స్టూడెంటు. ఖాతాలో పడిందా పడలేదా అన్నది కాలేజీకి అనవసరం, ఈ క్వార్టర్ కట్టలేదు, అంతే.

మేనేజ్‌మెంట్ల వాదన కూడా ఉందిలెండి. తల్లుల ఖాతాలో పడ్డ డబ్బు అందరూ తెచ్చి కట్టలేదు, జీతాలు ఎక్కణ్ణుంచి ఇవ్వాలి అని కోర్టుకెళ్ళారు, 2021 సెప్టెంబర్‌లో హైకోర్టు సింగిల్ జడ్జి కాలేజీల ఖాతాల్లోనే వేయమన్నారు. అయినా తల్లుల ఖాతాల్లో వేయడం ఆగలేదు.

తర్వాత 2024 వచ్చింది. మార్చి 1న మన పామర్రు సభలోనే అప్పటి ముఖ్యమంత్రి జగన్ బటన్ నొక్కి 708 కోట్లు విడుదల అన్నారు, ఈలోపు ఎన్నికలొచ్చాయి, పోలింగ్ అయ్యేదాకా పథకాల డబ్బు వేయొద్దని ఎలక్షన్ కమిషన్ ఆపింది, జూన్‌లో గవర్నమెంటే మారింది. వేల కోట్ల బాకీ వదిలేసి వెళ్ళారని కొత్తగా వచ్చినవాళ్ళు, మీరొచ్చాక ఇవ్వట్లేదని దిగిపోయినవాళ్ళు. ఆ క్వార్టర్లన్నీ ఎవరి లెక్కలో ఉన్నాయంటే పిల్లల లెక్కలో. అమ్మ ఖాతాలో పడలేదు, కాలేజీకి చేరలేదు, ఇప్పుడు నో డ్యూస్ ఫారం మీద అవే తేలుతున్నాయి.

ఇది సివిల్ వాళ్ళకన్నా సీఎస్ఈ వాళ్ళకే గట్టిగా తగలడానికి ఒక కారణం ఉంది. సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ మూడు, మూడున్నర లక్షల దగ్గర పదేళ్ళకి పైగా కదల్లేదు, చేతికొచ్చేది నెలకి పాతిక వేలు అటూ ఇటూ. ఏడాది ఫీజు 70 వేలున్న కాలేజీలో రెండేళ్ళది ఆగిందంటే 1 లక్షా 40 వేలు, అంటే ఆర్నెల్ల జీతం, ఉద్యోగంలో చేరకముందే. వడ్డీకి తెచ్చి కట్టేవాళ్ళు కట్టేస్తున్నారు. 2022 బ్యాచ్‌ని ఇన్ఫోసిస్ రెండేళ్ళు కూర్చోబెట్టినట్టు కంపెనీ కూర్చోబెట్టొచ్చు, కానీ ఒరిజినల్స్ కోసం కంపెనీని కూర్చోమంటే కూర్చోదు, పైగా 2025 జులైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా తీసేస్తామన్న తర్వాత అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

పైగా ఒక బ్రాంచికి ఇన్నే సీట్లన్న పరిమితిని ఏఐసీటీఈ (టెక్నికల్ కాలేజీలకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) 2024-25 నుంచి ఎత్తేసింది, అడిగిన కాలేజీలు సీఎస్ఈ, ఏఐ పేర్లతో సెక్షన్లు పెంచుకున్నాయి. కన్వీనర్ కోటా (గవర్నమెంటు కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లు) కింద 70 శాతం సీట్లు నిండేది ఎక్కువగా రీయింబర్స్‌మెంట్ పిల్లలతోనే. ఆ బ్యాచ్ బయటికొచ్చేది 2028లో, అప్పుడు ఈ గొడవలో చిక్కుకునే పిల్లలు ఇంకా పెరగొచ్చు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపకూడదని ఏఐసీటీఈ రూలు ఉంది, యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ కూడా 2018లోనే చెప్పింది. కాలేజీ వాళ్ళు మేం ఆపట్లేదు, నో డ్యూస్ అవ్వలేదు అంటారు, అదో తెలివి.

ఫీజు నేరుగా కాలేజీ ఖాతాకే అని కొత్త గవర్నమెంటు రూలు మార్చింది, మంచిదే. కానీ అడ్మిషన్ రోజున అమ్మానాన్నల చేత చాలా కాలేజీలు సంతకం పెట్టించుకునే అండర్‌టేకింగ్‌లో, గవర్నమెంటు ఇవ్వకపోతే మేమే కడతాం అన్న లైను ఇంకా అలాగే ఉంది.