జెండా మడిచి చేతికిచ్చాక: సైనిక కుటుంబాల గురించి అపోహలు, వాస్తవాలు

నేవీలో రైటర్ బ్రాంచిలో చేసి రిటైరయ్యాను. జీతాలు, సెలవులు, సర్వీసు రికార్డులు చూసే పని అది. ఆ అనుభవంతోనే ఇప్పుడు గాజువాకలో మా వరండాలో కూర్చుని, భర్తనో కొడుకునో పోగొట్టుకున్నవాళ్ల పెన్షన్ కాగితాలు చూసిపెడుతున్నాను. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి కూడా వస్తారు. వాళ్ల వెంట వచ్చే బంధువుల నోట మళ్లీ మళ్లీ వినే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: మన విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన రోజే నేవీ డే.

వాస్తవం: తేదీలు పక్కపక్కనే ఉండటంతో వచ్చిన పొరపాటు ఇది. ఘాజీ మునిగింది 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి. ఆ మర్నాడు, అంటే డిసెంబరు 4 రాత్రి, మన క్షిపణి పడవలు కరాచీ రేవు మీద దాడి చేశాయి. నేవీ డే ఆ దాడికి గుర్తు. ఇంకో ఐదు రోజులకే, డిసెంబరు 9న, మన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగి 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు విడిచారు. ఆర్కే బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర మీ పిల్లలకి గెలుపు కథ చెప్పేటప్పుడు వాళ్ల గురించి కూడా చెప్పండి.

అపోహ: భౌతికకాయం మీద కప్పిన జెండా కూడా చితితో పాటే వెళ్లిపోతుంది.

వాస్తవం: జెండాను చితిలో కాల్చకూడదు, సమాధిలోకి దించకూడదు. జాతీయ జెండా నియమావళి అయిన ఫ్లాగ్ కోడ్‌లోనే ఉంది. కాషాయం తల వైపు ఉండేలా కప్పుతారు, అంత్యక్రియలకు ముందే తీసి, మడిచి, ఇంటివాళ్ల చేతికిస్తారు. దాన్ని బీరువాలో పెళ్లిచీర పక్కన దాచుకున్న ఇల్లాలిని చూశాను. పరామర్శకు వెళ్లినప్పుడు ఫోటో కోసం ఆ జెండా విప్పమని దయచేసి అడక్కండి.

అపోహ: యుద్ధంలో పోతేనే అమరుడు. మిగతావాళ్ల ఇంటికి ఏమీ రాదు.

వాస్తవం: ఈ మాట ఎంతమంది ఆడవాళ్లను ఆఫీసు గడప తొక్కకుండా ఆపిందో చెప్పలేను. 'అమరుడు' అనేది మన గుండెలో మాట. సర్వీసు కాగితాల్లో అలాంటి వర్గం లేదు. 'మార్టిర్' అనే మాట వాడొద్దని 2022లో ఆర్మీ కూడా తన విభాగాలకు రాసింది. కాగితాల్లో ఉండేవి బ్యాటిల్ క్యాజువాల్టీ (పోరాటంలో పోయినవాళ్లు), ఫిజికల్ క్యాజువాల్టీ (మిగతా కారణాలతో పోయినవాళ్లు).

శత్రువు చేతిలోనో ఉగ్రవాదుల చేతిలోనో పోతే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. అంటే చివరి జీతంలో పెన్షన్ లెక్కకు వచ్చే భాగం మొత్తం. విధి కారణంగా జరిగిన ప్రమాదమో జబ్బో అయితే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్, అందులో 60 శాతం. సర్వీసుతో సంబంధం లేదని తేల్చినా మామూలు ఫ్యామిలీ పెన్షన్ 30 శాతం ఉంటుంది. సర్వీసులో ఉండగా పోతే మొదటి పదేళ్లూ 50 శాతం ఇస్తారు.

శాంతి రోజుల్లోనూ సముద్రం మనుషుల్ని తీసుకుపోతుంది. 2014 నవంబరులో టార్పెడోలు ఏరుకొచ్చే మన నేవీ పడవ ఒకటి విశాఖ తీరానికి దూరంగా మునిగిపోయింది. అందులోవాళ్లు యుద్ధం చేయడం లేదు. అయినా డ్యూటీలోనే ఉన్నారు.

ఎవరిది ఏ వర్గమో, ఆ మరణం మీద జరిగే విచారణ కాగితాల్లో తేలుతుంది. అందుకే ఆ నివేదిక నకలు అడిగి తీసుకోండి. 'సర్వీసు వల్ల కాదు' అని రాస్తే అక్కడితో ఆగిపోకండి. అప్పీలుంది, ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది.

అపోహ: మళ్లీ పెళ్లి చేసుకుంటే అన్నీ పోతాయి.

వాస్తవం: ఈ భయం చూపించి పాతికేళ్ల పిల్లను జీవితాంతం మూల కూర్చోబెట్టడం అన్యాయం. లిబరలైజ్డ్ పెన్షన్‌లో, పిల్లల్ని తను చూసుకుంటున్నంతకాలం మళ్లీ పెళ్లయినా ఆమె పెన్షన్ కొనసాగుతుంది. మామూలు ఫ్యామిలీ పెన్షన్‌కి నియమాలు వేరు, ముందే కనుక్కోండి. శౌర్య పతకంతో వచ్చే భత్యానికి ఒకప్పుడు ఘోరమైన షరతు ఉండేది: భర్త అన్నదమ్ముల్లో ఒకరిని చేసుకుంటేనే అది కొనసాగేది. 2017 నవంబరులో తీసేశారు. ఇప్పటికీ ఆ పాత షరతు చెప్పి కోడలిని ఒత్తిడి చేసే పెద్దలు ఉన్నారు, కాబట్టి మీ చుట్టాల్లో ఈ విషయం గట్టిగా చెప్పండి.

అపోహ: ఆచూకీ దొరక్కపోతే ఏడేళ్లు ఆగాలి.

వాస్తవం: అన్ని సందర్భాల్లో కాదు. 2016 జులై 22న చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్ బయల్దేరిన ఏఎన్-32 విమానం 29 మందితో సముద్రం మీద మాయమైంది. వాళ్లలో ఎనిమిది మంది మన విశాఖలోని నేవీ ఆయుధ డిపో (ఎన్ఏడీ) సివిలియన్ ఉద్యోగులు. ఆ విమానానివని చెప్పగలిగిన శకలాలు సముద్రం అడుగున కనబడింది 2024 జనవరిలో. అంతకాలం ఏ ఇల్లూ ఆగలేదు కదా. కేంద్ర ఉద్యోగి కనిపించకుండా పోతే పోలీసు ఫిర్యాదు నమోదైన ఆరు నెలలకు కుటుంబ పెన్షన్ అడగొచ్చు. అడిగితే ఆశ వదులుకున్నట్టే అనుకుని ఆగిపోతారు. ఆశ మీదే, కానీ ఇంటి అద్దె కూడా మీదే.

అపోహ: ఆఫీసువాళ్లే అన్నీ చూసుకుంటారు.

వాస్తవం: మొదటి నెల చూసుకుంటారు. తర్వాత ఏటా లైఫ్ సర్టిఫికెట్ మీరే ఇవ్వాలి, రక్షణ శాఖ పెన్షన్ల వెబ్‌సైటు స్పర్శ్‌లో వివరాలు మీరే సరిచూసుకోవాలి. మన తెలుగువాళ్లకి పెద్ద చిక్కు పేరుతోనే వస్తుంది. ఒకామె స్కూలు సర్టిఫికెట్లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, భర్త సర్వీసు రికార్డులో ఇంటిపేరే లేదు. “అన్నయ్యా, ముగ్గురం కాదు, ఒక్కదాన్నే” అని ఏడ్చింది. ఆ మూడు పేర్లూ ఒకే మనిషివని నిరూపించడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలలూ పాప స్కూలు ఫీజు కోసం ఆమె అప్పులు చేసింది.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లూ, ఈసారి సెలవుకి వచ్చినప్పుడు మీ రికార్డులో భార్య పేరు, పిల్లల పుట్టిన తేదీలు ఆధార్‌తో అక్షరం అక్షరం పోల్చి చూడండి. తేడా ఉంటే తిరిగి వెళ్లగానే దిద్దించండి. ఇంట్లోవాళ్లు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఎక్కడుందో ఒకసారి వెళ్లి చూసి రండి.