బొమ్మలేయడం రాని పిల్లలకు ఆర్ట్స్ ఇంటర్న్‌షిప్ ఎందుకు? అపోహలు - వాస్తవాలు

న్యూయార్క్‌లో పబ్లిక్ హైస్కూల్ పిల్లలకు మ్యూజియాల్లో, థియేటర్లలో, డిజైన్ స్టూడియోల్లో ఇంటర్న్‌షిప్‌లు కుదర్చడం నా ఉద్యోగం. సమ్మర్ దగ్గరపడుతుంటే మన తెలుగువాళ్ల దగ్గర్నుంచి ఫోన్లు మొదలవుతాయి. ప్రశ్నలు వేరైనా వాటి వెనక ఉండే అపోహలు దాదాపు ఒకటే. వాటివల్ల మంచి అవకాశాలు పోగొట్టుకున్న పిల్లల్ని చూస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: మా అమ్మాయికి బొమ్మలేయడం రాదు. ఆర్ట్స్‌లో దానికేం పని ఉంటుంది?

వాస్తవం: మ్యూజియంలో జీతం తీసుకునే వాళ్లలో కుంచె పట్టేవాళ్లు చాలా తక్కువ. కళాఖండాల రాకపోకలు, రికార్డులు చూసే రిజిస్ట్రార్లు, పాడైన వాటిని బాగుచేసే కన్జర్వేటర్లు, గదుల్లో ఏది ఎక్కడ ఉండాలో గీసే ఎగ్జిబిషన్ డిజైనర్లు, ఫొటోగ్రాఫర్లు, స్కూల్ పిల్లలకు చూపించి చెప్పే ఎడ్యుకేటర్లు, విరాళాల కోసం దరఖాస్తులు రాసేవాళ్లు, ఇలా బోలెడుమంది ఉంటారు.

రిజిస్ట్రార్ పక్కన ఇంటర్న్‌గా ఉన్న లెవెన్త్ గ్రేడ్ పిల్ల ఏం నేర్చుకుంటుందో చూడండి. వేరే ఊరి మ్యూజియం నుంచి ఒక పెయింటింగ్ అరువు మీద వచ్చింది. పెట్టె రాగానే తెరవరు. కొత్త చోటి వేడికి, తేమకు సర్దుకునేందుకు మామూలుగా 24 గంటలు అలాగే వదిలేస్తారు. తెరిచాక మొదటి పని కండిషన్ రిపోర్ట్, అంటే పెయింటింగ్ ఏ స్థితిలో వచ్చిందో రాసిపెట్టడం. పెయింటింగ్ దగ్గర పెన్ను వాడనివ్వరు, పెన్సిల్ మాత్రమే. టార్చిలైట్‌ను ఎదురుగా కాకుండా పక్కనుంచి ఏటవాలుగా పట్టుకుంటే, మామూలు వెలుగులో కనపడని పగుళ్లు, లేచిన రంగు పెచ్చులు నీడల్లా తేలతాయి. "కొంచెం పాడైంది" అని రాస్తే చెల్లదు. పగులు ఏ అంచు నుంచి ఎంత దూరంలో ఉంది, ఎంత పొడవుంది, ఎటు పోయింది, అన్నీ రాసి ఫొటో మీద గుర్తు పెట్టాలి. రేపు ఇన్సూరెన్స్ గొడవ వస్తే, దెబ్బ ఎక్కడ తగిలిందో తేల్చడానికి ఆ కాగితమే ఆధారం. ఇందులో బొమ్మలేయడం ఎక్కడా లేదు. ఓపిగ్గా చూడటం, చూసింది చూసినట్టు రాయడం, అంతే. కెమిస్ట్రీ ఇష్టమున్న పిల్లలైతే కన్జర్వేషన్ ల్యాబ్‌లోంచి బయటికి రావడానికే ఒప్పుకోరు.

అపోహ: ఇవన్నీ ప్రైవేట్ స్కూల్ పిల్లలకే.

వాస్తవం: చాలా ప్రోగ్రాములు ప్రత్యేకంగా పబ్లిక్ స్కూల్ పిల్లల కోసమే పెట్టినవి. సమాచారం స్కూల్ దాకా వచ్చి కౌన్సెలర్ దగ్గర ఆగిపోతుంది. మీ వాడినే వెళ్లి అడగమనండి. ఆర్ట్ టీచర్ని, థియేటర్ టీచర్ని కూడా అడగమనండి.

అపోహ: ఆర్ట్స్‌లో పైసా రాదు, పిల్లల చేత ఊరికే పనిచేయించుకుంటారు.

వాస్తవం: ఒకప్పుడు ఇది చాలావరకు నిజమే. ఇంట్లో జరుగుబాటు ఉన్న పిల్లలే జీతం లేకుండా వేసవంతా పనిచేయగలరు కాబట్టి, ఈ రంగంలోకి వాళ్లే వచ్చారు. 2019లో అమెరికాలోని ఆర్ట్ మ్యూజియం డైరెక్టర్ల సంఘం, ఇంటర్న్‌లకు జీతం ఇవ్వాలని మ్యూజియాలను కోరుతూ తీర్మానం చేసింది. టీనేజర్లకు డబ్బులిచ్చి కళ నేర్పే సంస్థలు అంతకుముందూ ఉన్నాయి. బోస్టన్‌లో ఆర్టిస్ట్స్ ఫర్ హ్యుమానిటీ 1991 నుంచి నడుస్తోంది. అక్కడ పిల్లలు క్లయింట్ల కోసం డిజైన్లు చేసి జీతం తీసుకుంటారు. షికాగోలో ఆఫ్టర్ స్కూల్ మ్యాటర్స్‌కు మూలమైన గ్యాలరీ 37 మొదలైందీ 1991లోనే. న్యూయార్క్ నగరపు సమ్మర్ యూత్ ఎంప్లాయ్‌మెంట్ ప్రోగ్రామ్ అయితే 1963 నాటిది. 14, 15 ఏళ్ల వాళ్లకు స్టైపెండ్, 16 దాటిన వాళ్లకు గంటల లెక్కన జీతం ఉంటుంది. 2026 జనవరి నుంచి ఈ నగరంలో కనీస వేతనం గంటకు 17 డాలర్లు.

అపోహ: స్టైపెండ్ అంటే జీతం కాదుగా, హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలు తీసుకోవచ్చు.

వాస్తవం: దయచేసి ఇది జాగ్రత్తగా చదవండి. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు ఇక్కడ పనిచేసే అనుమతి లేదు. హెచ్-4 వర్క్ పర్మిట్ కొందరు హెచ్-1బి ఉద్యోగుల భార్యలకో భర్తలకో వస్తుంది తప్ప పిల్లలకు రాదు. స్టైపెండ్ అని పేరు పెట్టినా, పనికి బదులుగా ఇచ్చిన డబ్బయితే ఇబ్బందే. డబ్బు తీసుకోకపోతే చాలు అనుకోవడమూ పొరపాటే. అదే పనికి ఇంకొకరికి జీతం ఇస్తుంటే అది వాలంటీరింగ్ కింద చెల్లకపోవచ్చు. అందుకని ఇలాంటి పిల్లలకు నేను ఉద్యోగంలా కాకుండా క్లాసులా నడిచే ప్రోగ్రాములు వెతుకుతాను. సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒక్క మాట అడగండి. ఇంటర్వ్యూ అయి, ఎంపికయ్యాక, ఫామ్ నింపేటప్పుడు ఈ సంగతి బయటపడితే ఆ వయసు పిల్లల మనసు ఎంత గాయపడుతుందో నేను దగ్గర్నుంచి చూశాను. చెల్లెలు ఇక్కడ పుట్టింది కాబట్టి చేరొచ్చు, అక్క చేరకూడదు. ఒకే ఇంట్లో ఇలా జరిగితే తట్టుకోవడం ఇంకా కష్టం. ముందే కూర్చోబెట్టి చెప్పండి.

అపోహ: థియేటర్‌లో చేరిస్తే అర్ధరాత్రి దాకా ఉంచేస్తారు, రంపాలూ మెషీన్లూ పట్టిస్తారు.

వాస్తవం: జీతమిచ్చే పనికి ఫెడరల్ చట్టం గట్టి హద్దులు పెట్టింది. 14, 15 ఏళ్ల వాళ్లు స్కూలున్న రోజున 3 గంటలకు, స్కూలున్న వారంలో 18 గంటలకు మించకూడదు. సాయంత్రం 7 దాటాక పని కుదరదు. జూన్ 1 నుంచి లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) వరకు మాత్రం 9 దాకా వీలుంది. ఎనిమిదింటికి మొదలయ్యే షోకి ఆ వయసు ఇంటర్న్ చివరిదాకా ఉండలేనట్టే. 18 నిండనివాళ్లు మామూలుగా సెట్లు తయారుచేసే షాపులో కరెంటు రంపం ముట్టుకోకూడదు. టీచర్ నేర్పించినా, ఇంట్లో నాన్నతో కలిసి వాడిన అలవాటున్నా సరే. సెట్‌కు రంగులేయడం, కాస్ట్యూమ్‌లు సర్దడం, రిహార్సల్‌లో స్టేజ్ మేనేజర్ పక్కన స్క్రిప్ట్ పట్టుకుని ఏ మాటకు ఏ లైట్ మారాలో గుర్తు పెట్టడం, ఇలాంటివి చేయించొచ్చు. ఎవరైనా "ఏం ఫర్లేదు, మేం చూసుకుంటాం" అంటే ఆ చోటు వదిలేయండి.

అపోహ: కాలేజీ అప్లికేషన్‌లో మెరవాలంటే పెద్ద మ్యూజియం పేరే ఉండాలి.

వాస్తవం: చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు చేసే కామన్ యాప్‌లో ఒక్కో యాక్టివిటీ గురించి రాయడానికి దొరికేది 150 క్యారెక్టర్లు. మీ పిల్ల స్వయంగా చేసిన పని అందులో పట్టాలి. పెద్ద పేరున్న చోట ఆరు వారాలు ఎన్వలప్‌లు అంటించిన వాళ్లూ ఉన్నారు, చిన్న నాటక సంస్థలో ప్రాప్స్ (నాటకంలో వాడే వస్తువుల) లిస్టు మొత్తం తానే చూసుకున్న వాళ్లూ ఉన్నారు. నన్నడిగితే రెండోదే మేలు. ఇంటర్వ్యూలో పిల్లల చేత అడిగించాల్సిన ప్రశ్నలు రెండే: నన్ను రోజూ చూసుకునేది ఎవరు? చివర్లో నేను పూర్తిచేసిన పని అంటూ ఏముంటుంది? వీటికి తడుముకునే చోటికి నేనైతే ఎవరినీ పంపను.

అపోహ: సమ్మర్ కదా, మే నెలలో చూసుకోవచ్చు.

వాస్తవం: అప్పటికి చాలావాటికి గడువు దాటిపోతుంది. దరఖాస్తులు ఎక్కువగా చలికాలంలోనే మొదలవుతాయి. పోర్ట్‌ఫోలియో (తాము చేసిన కళాకృతుల నమూనాలు) చాలాచోట్ల అడగరు. చిన్న వ్యాసం, టీచర్ సిఫారసు, ఇంటర్వ్యూ ఉంటాయి. న్యూయార్క్‌లో 18 లోపు వాళ్లకు వర్కింగ్ పేపర్స్ (పనిచేయడానికి అనుమతి పత్రాలు) కావాలి. అవి స్కూల్లోనే ఇస్తారు గానీ, గత 12 నెలల్లో డాక్టర్ పరీక్ష చేసినట్టు సర్టిఫికెట్ చూపించాలి. ఈ అపాయింట్‌మెంట్ మాత్రం స్కూళ్లు మూసేదాకా ఆగకుండా ఇప్పుడే తీసుకోండి.