హ్యాకర్ల ఆదేశాలు మనం రోజూ వాడే వెబ్‌సైట్లలోకి ఎలా చేరాయి?

2024 జూన్‌లో వోలెక్సిటీ అనే అమెరికా సైబర్ భద్రతా సంస్థ ఒక మాల్వేర్ (కంప్యూటర్‌లో దొంగచాటుగా చేరి హాని చేసే ప్రోగ్రామ్) వివరాలు బయటపెట్టింది. దాని గురి భారత ప్రభుత్వ కంప్యూటర్లు, అందులోనూ కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచేవి. దాన్ని మోసుకొచ్చే ఫైలు తెరిస్తే డీఎస్‌ఓపీ ఫారం కనిపిస్తుంది. సైనికాధికారుల ప్రావిడెంట్ ఫండ్‌కు సంబంధించిన కాగితం అది.

ఉద్యోగి ఆ ఫారం చూస్తుండగానే మాల్వేర్ డిస్కార్డ్ అనే చాట్ వేదికలోకి వెళ్లి, తనకంటూ ఒక ఛానెల్ తెరుచుకుంటుంది. ఒక్కో బాధితుడికి ఒక్కో ఛానెల్. హ్యాకర్ అక్కడ కెమెరా ఎమోజీ పెడితే స్క్రీన్‌షాట్ తీసి పంపుతుంది. నక్క ఎమోజీ పెడితే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ప్రొఫైల్‌ను జిప్ చేస్తుంది. పుర్రె పెడితే ఆగిపోతుంది. పని జరుగుతున్నంతసేపూ గడియారం బొమ్మ, పూర్తయ్యాక టిక్కు మార్కు. ఈ మాల్వేర్‌కు డిస్గోమోజీ అని పేరు పెట్టారు. పాకిస్తాన్‌కు చెందిన వాళ్ల పని కావచ్చని వోలెక్సిటీ అంచనా.

గేమ్స్ ఆడే కుర్రాళ్లు కబుర్లు చెప్పుకునే చోటు గూఢచర్యానికి ఎలా పనికొచ్చిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

కంప్యూటర్‌లోకి మాల్వేర్ జొరబడటంతో హ్యాకర్ పని అయిపోదు. దానికి ఆదేశాలు అందాలి, దొంగిలించింది బయటికి రావాలి. మొదట్లో ఈ పనికి ఐఆర్‌సీ వాడారు. 1988లో ఫిన్లాండ్‌లో యార్కో ఓయికరినెన్ రాసిన చాట్ వ్యవస్థ అది. వేల కంప్యూటర్లు ఒకే చాట్ రూమ్‌లో చేరి, యజమాని మాట కోసం కాచుకుని ఉండేవి. అయితే ఐఆర్‌సీ ఎక్కువగా వాడే 6667 పోర్టును, అంటే నెట్‌వర్క్‌లోని ఆ ద్వారాన్ని, ఆఫీసుకు కాపలా కాసే ఫైర్‌వాల్‌లో మూసేస్తే ఎవరి పనీ ఆగేది కాదు. అందుకే చాలాచోట్ల మూసేశారు.

తర్వాత హ్యాకర్లు సొంత సర్వర్లు అద్దెకు తీసుకున్నారు. వాటికీ ఓ బలహీనత ఉంది. 2008 నవంబర్‌లో కాలిఫోర్నియాలో స్పామ్ ముఠాల సర్వర్లకు చోటిచ్చిన మెకోలో అనే హోస్టింగ్ సంస్థకు ఇంటర్నెట్ కనెక్షన్ తెంచేయగానే ప్రపంచమంతటా స్పామ్ సగానికి పైగా పడిపోయింది. సర్వర్ల అడ్రస్ దొరికితే ఆట కట్టినట్టే.

కాబట్టి ఎవరూ మూయలేని అడ్రస్ కావాలి. 2009 ఆగస్టులో నెట్‌వర్క్ భద్రతా సంస్థ ఆర్బర్ నెట్‌వర్క్స్ పరిశోధకుడు హోసే నజారియోకు ఒక వింత ట్విట్టర్ అకౌంట్ కనబడింది. అందులో ట్వీట్లన్నీ అర్థంలేని అక్షరాలే. వాటిని డీకోడ్ చేస్తే లింకులు వచ్చాయి. ఆ లింకుల నుంచే మాల్వేర్ తన తర్వాతి ఫైళ్లు దించుకుంటోంది. అకౌంట్ ఉచితం, కనెక్షన్ ఎన్‌క్రిప్ట్ చేసుకునే వీలూ ఉంది. చూసేవాళ్లకు అది ఎవరో ట్విట్టర్ చదువుకుంటున్నట్టే ఉంటుంది.

ఈ పద్ధతి మన దేశానికి ఎంత నష్టం చేసిందో 2010 ఏప్రిల్‌లో తెలిసింది. టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు, షాడోసర్వర్ ఫౌండేషన్ వాళ్లు కలిసి ఒక నివేదిక ఇచ్చారు. దలైలామా కార్యాలయంపై జరిగిన దాడిని తవ్వుతూ పోతే భారత ప్రభుత్వ పత్రాలు బయటపడ్డాయి. రెండింటిపై 'సీక్రెట్' ముద్ర, ఆరింటిపై 'రెస్ట్రిక్టెడ్', ఐదింటిపై 'కాన్ఫిడెన్షియల్'. దలైలామా కార్యాలయం నుంచి దాదాపు 1,500 ఉత్తరాలు పోయాయి. దొంగలు వాడుకున్నవి ట్విట్టర్, గూగుల్ గ్రూప్స్, బ్లాగ్‌స్పాట్, చైనా సంస్థ బైదూ బ్లాగులు, యాహూ మెయిల్. ఒక సర్వర్ పోతే, బ్లాగులో కొత్త సర్వర్ అడ్రస్ రాసిపెడితే చాలు, మాల్వేర్ అక్కడికి మారిపోయేది. జాడలు చైనాలోని చెంగ్డూ వైపు దారితీశాయి.

ఆ నివేదికలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది సీక్రెట్ ముద్రలు కాదు. అఫ్గానిస్తాన్‌లోని మన దౌత్య కార్యాలయాల్లో వీసాకు దరఖాస్తు చేసుకున్న 13 దేశాల వాళ్ల వివరాలు కూడా పోయాయి. మన దేశాన్ని నమ్మి తమ కాగితాలు మన చేతికి ఇచ్చిన మామూలు మనుషులు వాళ్లు.

ఆ తర్వాత వేదికలు మారాయి, కిటుకు అదే. 2017లో ఈసెట్ అనే సైబర్ భద్రతా సంస్థ బయటపెట్టిన ఉదంతం చూడండి. టుర్లా అనే గూఢచర్య ముఠా మాల్వేర్, గాయని బ్రిట్నీ స్పియర్స్ ఇన్‌స్టాగ్రామ్ ఫొటో కింద ఉన్న కామెంట్లన్నీ ఒక్కొక్కటిగా చదివేది. ప్రతి కామెంట్‌కూ ఒక లెక్క కట్టి, సమాధానం 183 వస్తే అదే తన యజమాని రాసిందని పోల్చుకునేది. ఆ కామెంట్ అక్షరాల మధ్య కంటికి కనిపించని యూనికోడ్ గుర్తులున్నాయి. ఆ గుర్తుల పక్క అక్షరాలు ఏరుకుంటే హ్యాకర్ సర్వర్‌కు దారి చూపే ఒక బిట్‌లీ పొట్టి లింకు తయారయ్యేది. పాత గూఢచారులు చెట్టు తొర్రలో చీటీ పెట్టి వెళ్లినట్టే, కాకపోతే ఆ చెట్టు నడి సంతలో ఉంది.

2025 మేలో గూగుల్ తన క్యాలెండర్‌లోనే ఇలాంటిది దొరికిందని చెప్పింది. చైనాకు చెందిన ఏపీటీ41 ముఠా, సున్నా నిమిషాల ఈవెంట్లు పెట్టి, వాటి వివరణలో దొంగిలించిన డేటా దాచేది. గూగుల్ ఆ క్యాలెండర్లను తొలగించింది. అకౌంట్లు మూయడం కంపెనీలకు కష్టం కాదు. కానీ కొత్త అకౌంట్ నిమిషాల్లో తెరుచుకుంటుంది. ఆఫీసులో గూగుల్‌నే మూసేద్దామంటే జీతాల షీటు దగ్గర్నుంచి అన్నీ అందులోనే ఉన్నాయి. అందుకే భద్రతా సిబ్బంది ఇప్పుడు అడ్రస్ ఒక్కటే చూసి ఊరుకోవడం లేదు, ఆ అడ్రస్‌కు వెళ్తున్న ప్రోగ్రామ్ ఏదని అడుగుతున్నారు. బ్రౌజర్ డిస్కార్డ్‌కు వెళ్తే మామూలే. ప్రావిడెంట్ ఫండ్ ఫారంతో పాటు వచ్చిన ప్రోగ్రామ్ వెళ్తే మాత్రం ఆగి చూడాలి.

ఇదంతా గూఢచారుల గొడవ అనుకోవడానికి లేదు. ఆర్టీఓ చలాన్ అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లలో (ఆండ్రాయిడ్ యాప్‌ను ఫోన్‌లో ఎక్కించే ఫైళ్లు) కొన్ని మన ఎస్సెమ్మెస్‌లు చదివి, ఓటీపీలను టెలిగ్రామ్ బాట్‌కు, అంటే ప్రోగ్రామ్ నడిపే అకౌంట్‌కు, పంపుతాయి. 2024లో బెంగళూరు సంస్థ క్లౌడ్‌సెక్ అలాంటి ముఠా ఒకదాని తీరు వివరించింది. ఇందుకు బాధితుడి ఫోన్‌లో టెలిగ్రామ్ యాప్ ఉండాల్సిన పని లేదు. ఆ ఏపీకేనే నేరుగా టెలిగ్రామ్ సర్వర్‌తో మాట్లాడుతుంది. ఫోన్ పట్టుకున్న మనిషికి మాత్రం స్క్రీన్ మీద చలాన్ పేజీయే కనిపిస్తుంటుంది.