కొత్త సిస్టరమ్మల మొదటి ఏడాది: అపోహలు - వాస్తవాలు

విశాఖలో పదకొండేళ్లుగా స్టాఫ్ నర్సుని. ఏటా కొత్తగా చేరే పిల్లలు అవే మాటలు మోసుకొస్తారు. కొన్ని కాలేజీలో విన్నవి, కొన్ని మేమే అంటగట్టినవి.

అపోహ: చెయ్యి తిరిగిందంటే అనుభవం వచ్చినట్టే.

చెయ్యి ఆరు నెలల్లో తిరుగుతుంది. భయపడాల్సింది కూడా అప్పుడే. నేను చేరిన ఏడో నెల, నైట్ డ్యూటీలో ఒక పెద్దాయనకి 20 యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వాలి. వయల్ (మందు సీసా) 40ది, అంటే ఒక ఎంఎల్‌లో 40 యూనిట్లు; 100దైతే 100 యూనిట్లు. ట్రేలో మిగిలింది నారింజ మూత సిరంజి. చకచకా 20 గీత దాకా లాగేశాను. సీనియర్ సిస్టర్ పక్కనుంచి, "మూత రంగు చూశావేటమ్మా?" అన్నారు. ఎర్ర మూతది 40 వయల్‌కి, నారింజ మూతది 100 వయల్‌కి. అంటే నా సిరంజిలో ఉన్నది 8 యూనిట్లే. అదే తిరగబడి, 100 వయల్ నుంచి ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు వెళ్లిపోతాయి! షుగర్ పడిపోయి రోగి స్పృహ తప్పుతాడు. ఆ రాత్రి నా చెయ్యి బాగానే తిరిగింది, కళ్లే మూత వైపు తిరగలేదు.

అపోహ: క్యాన్యులా (మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) ఒక్క పోటులో పడాలి.

రెండుసార్లు ప్రయత్నించి దొరక్కపోతే ఇంకొకరిని పిలవండి. మూడో పోటు మన పంతం కోసమే, రోగి కోసం కాదు. అన్నట్టు, మన దగ్గరికి ఉద్దానం నుంచి కిడ్నీ రోగులు వస్తుంటారు. నరం బాగా ఉబ్బి కనిపించే చెయ్యి చూసి సంబరపడిపోకండి. వేలు ఆనించండి. జుమ్మని అదురుతుంటే అది డయాలసిస్ ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి ధమనినీ సిరనీ కలిపిన చోటు. ఆ చేతికి సూదీ వద్దు, బీపీ పట్టీ వద్దు. వాళ్ల ప్రాణం దాని మీదే నడుస్తోంది.

అపోహ: సూది గుచ్చుకుంటే రక్తం పిండేయాలి, ఎవరికీ చెప్పకూడదు.

పిండొద్దు. పారే నీళ్ల కింద సబ్బుతో కడిగి, వెంటనే ఇన్‌చార్జికి చెప్పండి. హెచ్ఐవీ రాకుండా వాడే మందులు రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. తిడతారని దాచుకుని ఆ గంటలు పోగొట్టుకున్నవాళ్లని చూశాను. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయో లేదో ఈ వారమే చూసుకోండి.

అపోహ: డాక్టరుగారిని మళ్లీ అడిగితే మనకేమీ రాదనుకుంటారు.

ఫోన్లో చెప్పిన ఆర్డరు రాసుకుని, తిరిగి చదివి వినిపించండి. విసుక్కుంటారు, విసుక్కోనీండి. పొటాషియం క్లోరైడ్‌ని సెలైన్‌లో కలపకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఆ మందు పేరు వినపడితే ఒకటికి రెండుసార్లు అడగాల్సిందే.

అపోహ: ఏడ్చేవాళ్లు ఈ ఉద్యోగానికి పనికిరారు.

వార్డులో మొదటిసారి చావు చూసిన పొద్దున నేను ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి, గాజువాకలో దిగాల్సింది, ఏడుస్తూ కూర్మన్నపాలెం దాకా పోయాను. కండక్టరు మిగతా దూరానికి ఇంకో టికెట్ కొట్టి మరీ దించాడు. మర్నాడు మళ్లీ నైటే.