పలుగురాయి సిరల్లో బంగారం: అపోహలు – వాస్తవాలు

అపోహ: తెల్లటి పలుగురాయి కనిపిస్తే బంగారం ఉన్నట్టే.

సిరలంటే రాతి పగుళ్లను పూడ్చిన పలుగురాయి. నేను సుత్తితో పగలగొట్టి చూసిన సిరల్లో ఎక్కువ భాగం ఉత్త రాళ్లే. పాలరంగులో నిగనిగలాడే సిర మీద నాకు పెద్దగా ఆశ ఉండదు. తుప్పు మరకలు, గంధక ఖనిజాలు కరిగిపోయి మిగిలిన చిన్న గుంతలు, సిర పొడవునా పక్కరాతి నల్లని చారలు కనిపిస్తే మాత్రం ఆగుతాను. ఆ పగులు ఎన్నోసార్లు తెరుచుకుని, ఎన్నోసార్లు పూడుకుందని ఆ చారలను బట్టి తెలుస్తుంది.

అపోహ: కరిగిన బంగారం పగుళ్లలోకి పారి గడ్డకట్టింది.

బంగారం కరగాలంటే 1,064 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఈ సిరలు చాలావరకు 250–400 డిగ్రీల దగ్గరే ఏర్పడ్డాయి. బంగారాన్ని మోసుకొచ్చింది వేడినీరు. అందులో అది గంధకంతో జతకట్టి ప్రయాణించింది. పగులు తెరుచుకుని పీడనం ఒక్కసారిగా పడిపోయినా, పక్కరాతిలోని ఇనుము ఆ గంధకాన్ని లాక్కుని, బంగారంలా మెరిసే పైరైట్ అనే ఖనిజంగా మారినా, బంగారం నీటిని వదిలి రాతిలో నిలిచిపోతుంది. అందుకే సిరకు రెండు వైపులా ఉన్న పక్కరాతిలోనూ నమూనా తీయాలి.

అపోహ: పైరైట్ ఉత్త మోసం.

పింగాణీ పలక మీద గీస్తే పైరైట్ నల్లని గీటు, బంగారం పసుపు గీటు ఇస్తాయి. అంతవరకు నిజమే. కానీ చాలా సిరల్లో బంగారం దాగేది ఆ పైరైట్‌లోనే.

అపోహ: ఒక నమూనాలో టన్నుకు 40 గ్రాములు వచ్చింది, ఇక గని తెరవడమే!

చిన్న సిరల విషయంలో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. కొలిమి పరీక్షకు (రాతిపొడిని కొలిమిలో కరిగించి అందులో బంగారం ఎంతుందో తేల్చే పరీక్ష) సాధారణంగా 30 లేదా 50 గ్రాముల పొడి తీసుకుంటారు. అర మిల్లీమీటరు వ్యాసమున్న స్వచ్ఛమైన బంగారు గింజ బరువు సుమారు 1.26 మిల్లీగ్రాములు. అలాంటి గింజ ఒక్కటి 30 గ్రాముల పొడిలో పడితే చాలు, ఫలితం టన్నుకు 42 గ్రాములు! అదే సంచిలోంచి ఇంకో పిడికెడు తీస్తే దాదాపు సున్నా రావచ్చు. రెండూ సరైన ఫలితాలే. అందుకే పెద్ద నమూనాను సన్నని జల్లెడ పట్టి, పైన మిగిలిన ముతక భాగాన్నంతా విడిగా పరీక్షించమంటాను. ఖర్చెక్కువని పెట్టుబడిదారులు గొణుగుతారు, గొణగనివ్వండి.

అపోహ: పాతవారు వదిలేశారంటే బంగారం అయిపోయినట్టే.

ఎప్పుడు వదిలేశారో ముందు అడగాలి. నేల పైపొరల్లో గంధక ఖనిజాలు తుప్పుపట్టి, బంగారం విడిగా దొరికేది; పాదరసంతో పట్టేవారు. తవ్వకం భూగర్భ నీటిమట్టానికి కిందికి వెళ్లేసరికి బంగారం గంధక ఖనిజాల్లో బిగుసుకుని పాదరసానికి చిక్కేది కాదు. పైగా గనిలో నీటి ఊట. రాతిపొడిలోని బంగారాన్ని సయనైడ్ ద్రావణంలో కరిగించి రాబట్టే మెకార్థర్, ఫారెస్ట్ సోదరుల పద్ధతికి 1887లో పేటెంట్ దక్కింది. అంతకుముందు ఆగిన తవ్వకానికీ ఆ తర్వాత ఆగినదానికీ చాలా తేడా. పైగా సిరలో మంచి భాగం పట్టీలా ఏటవాలుగా దిగుతుంది. నిటారుగా తవ్వుకుపోయినవారు దాన్ని దాటిపోయి, సిర అయిపోయిందనుకుని ఉండవచ్చు.

పాత గుంత కనబడితే నేను ముందు దాని పక్కనున్న రాళ్ల కుప్ప దగ్గరికి వెళ్తాను. తుప్పుపట్టని గంధక ఖనిజాలున్న పలుగురాయి అక్కడ పడి ఉంటే, వెంటనే సంచి తీస్తాను.