దుప్పటి పిండితే తెలిసే సంగతి

పిల్లలూ,

"స్ప్రింగులు ఉన్నాయి కదా తాతయ్యా, మన మోటర్‌హోమ్ కింద నాన్న మళ్లీ ఈ కడ్డీ ఎందుకు పెడుతున్నాడు?" అని అడిగారు. స్ప్రింగులు బరువు మోస్తాయి. కానీ ఇల్లులాంటి అంత ఎత్తు బండి మలుపులో వాలితే ఒక పక్క స్ప్రింగు నలిగిపోతుంది, రెండో పక్కది సాగిపోతుంది. ఆ రెండు పక్కల్నీ కలిపేదే ఈ కడ్డీ. దీని పేరు యాంటీ-రోల్ బార్.

చిన్నప్పుడు అక్కా నేనూ ఎదురెదురుగా నిలబడి తడి దుప్పట్లు పిండేవాళ్లం. ఎవరి కుడికి వాళ్లు తిప్పితే మెలిపడుతుంది. నన్ను ఏడిపించాలని అక్క ఎడమకి తిప్పేది. దుప్పటి కులాసాగా దొర్లేదే గాని చుక్క నీరు దిగేది కాదు. చివరికి అది మట్టిలో పడేది, ఇద్దరికీ అమ్మ చేత చీవాట్లు.

కడ్డీ కూడా అంతే. మధ్యభాగం రబ్బరు తొడుగులైన బుష్‌లలో చక్రాల ఇరుసైన యాక్సిల్‌ని పట్టుకుని ఉంటుంది. వంగిన రెండు కొసలూ లింకులనే చిన్న కడ్డీలతో బండి చట్రమైన ఛాసిస్‌కి బిగించి ఉంటాయి. రెండు చక్రాలూ ఒకేసారి మిట్ట ఎక్కితే కడ్డీ ఊరికే దొర్లుతుంది, అడ్డుపడదు. బండి ఒక పక్కకి వాలితేనే ఒక కొస పైకి, ఒకటి కిందికి పోయి మెలిపడుతుంది. ఆ మెలిక విప్పుకోవాలనే దాని పంతమే బండిని నిలబెడుతుంది.

తువ్వాలు కన్నా రగ్గు పిండటం కష్టం కదా? 25 మిల్లీమీటర్ల కడ్డీ బదులు 30 వేస్తే మెలిపెట్టడానికి రెట్టింపు బలం కావాలి. ఐదు మిల్లీమీటర్లకే అంత! అలాగని లావుది వేయమని నాన్నని తొందరపెట్టకండి. మరీ బిర్రుగా ఉంటే ఒక చక్రం గుంతలో పడిన కుదుపు రెండో పక్కకీ పాకుతుంది.

పిండిన దుప్పటికి ముడతలు ఉండిపోయినట్టే, మామూలు ఇనప కడ్డీ ఎక్కువగా మెలిపడితే మళ్లీ తిన్నగా రాదు. అందుకే మెలిపడినా మళ్లీ తిన్నగా వచ్చే స్ప్రింగ్ స్టీల్ వాడతారు. దాన్ని మెలిపడే చోట వెల్డింగ్ చేస్తే ఆ పక్కనే పెళుసెక్కి పగులుతుంది. నాన్న కడ్డీ కొలతల కోసం అట్టముక్కలు కోసి మళ్లీ మళ్లీ కొలుస్తున్నాడని నవ్వారట. నవ్వకండి, పక్కన నిలబడి టేపు పట్టుకోండి. పని అలాగే వస్తుంది.

బండి జాకీ మీద ఉన్నంతసేపూ కిందకి దూరొద్దు. బిగించడం అయ్యాక, నేల మీద చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టి నాన్న బండిని ఒక పక్కనుంచి ఊపుతాడు. మీరు దూరంగా కూర్చుని తొంగి చూడండి. ఏ కొస ఎటు కదిలిందో నాకు రాయండి.

మీ తాతయ్య